డాబా మీద దాచుకున్న గది

విజయవాడ కావచ్చు, వరంగల్ కావచ్చు. ముప్పై ఏళ్ల కిందట లేచిన ఏ కాలనీలోనైనా పొద్దున్నే డాబా ఎక్కి చూస్తే చుట్టుపక్కల ఇళ్ల నెత్తిన ఇనుప పిలకలు కనిపిస్తాయి. పిల్లర్ల తలల్లోంచి నాలుగేసి, ఆరేసి చువ్వలు ఆకాశంలోకి పొడుచుకొచ్చి ఉంటాయి. కొన్నింటికి బట్టలారేసే తీగ కట్టి ఉంటుంది. కొన్నింటికి కేబుల్ వైరు చుట్టి ఉంటుంది. తుప్పు పట్టకుండా ఎవరో ఖాళీ నీళ్ల సీసాలు బోర్లించి ఉంటారు, అవి ఎండకి పెళుసెక్కి ఎప్పుడో రాలిపోయి ఉంటాయి. 'పెద్దాడి పెళ్లి నాటికి పైన రెండు గదులు వేసుకుందాంలే' అని గృహప్రవేశం నాడు ఇంటి పెద్ద అన్న మాటకి ఆ చువ్వలే సాక్షి సంతకాలు.

పెద్దాడి పెళ్లి రానే వస్తుంది. మేస్త్రీకి కబురు వెళుతుంది. ఆయన డాబా మీదికెళ్లి, చువ్వని చేత్తో ఊపి, పిట్టగోడని కాలితో తట్టి, 'ఏం పర్లేదు సార్, ఒకటి కాదు రెండంతస్తులేసినా కదలదు' అంటాడు. ఇంట్లో అందరి ప్రాణం కుదుటపడుతుంది. కాఫీలొస్తాయి. ఎలివేషన్ ఎలా ఉండాలి, మెట్లు ఎటు తిరగాలి, బాల్కనీకి గాజు రెయిలింగా స్టీలుదా అన్న మాటల్లో పడిపోతారు.

పైన ఏం కట్టాలన్న మాటకి ముందే రావాల్సిన మాట ఒకటుంది. ఐదారడుగుల లోతున, మట్టిలో, ముప్పై ఏళ్లుగా ఎవరి కంటా పడకుండా ఉన్న ఫుటింగు, అంటే పిల్లరు పునాది, ఎంత వెడల్పుంది? పై అంతస్తు సంగతి నిజానికి తేలిపోయింది ఆ గుంత తవ్విన రోజునే. ఇప్పుడు చేయగలిగింది ఆనాటి లెక్క ఏమిటో కనుక్కోవడం.

గోడంటే ఏనుగు

పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, తొమ్మిది అంగుళాల మందం ఉన్న ఎర్ర ఇటుక గోడ బరువు దాదాపు నాలుగు టన్నులు. ఎదిగిన మగ ఏనుగంత. ఇంటి చుట్టూ అలాంటి గోడలు పది, పన్నెండు లేస్తాయి. వాటి మీద శ్లాబు. 1000 చదరపు అడుగుల్లో ఐదంగుళాల మందాన వేస్తే అది ఒక్కటే 29 టన్నులు తూగుతుంది. కింద పరిచే టైల్స్, సిమెంటు మరో తొమ్మిది టన్నులు. లోపలి గోడలు, బీములు, ప్లాస్టరింగ్, మంచాలు, బీరువాలు, మనుషులు అన్నీ కలిస్తే ఒక్క అంతస్తు బరువు వంద టన్నులు సులువుగా దాటుతుంది. ఇంటికి 12 పిల్లర్లుంటే ఒక్కోదాని నెత్తిన కొత్తగా సుమారు పది టన్నులు పడతాయన్నమాట. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే మరో టన్ను.

ఈ బరువు దించుకునే దారి కూడా ఉంది. అదే గోడని ఎనిమిదంగుళాల తేలికపాటి ఏఏసీ బ్లాకులతో కడితే ఒకటింబావు టన్నుతో సరిపోతుంది. నాలుగు ఎక్కడ, ఒకటింబావు ఎక్కడ! 'ఆ బ్లాకుల్లో మేకు దిగితే నిలవదండీ' అని పెదవి విరిచేవాళ్లున్నారు. నిజమే, దానికి వేరే రకం ప్లగ్గులు వాడాలి. కేలెండరు తగిలించుకోవడం కోసం ఒక్కో గోడకి రెండున్నర టన్నులు అదనంగా మోయించడం మాత్రం పాత ఇంటి మీద దయలేనితనమే.

లెక్కలో ఎవరూ వేసుకోని బరువు మరొకటుంది. డాబా సమతలంగా ఉండదు. వాన నీరు పోవడానికి ఒక మూల నుంచి ఇంకో మూలకి వాలు పెట్టి ఉంటారు. పైన గదులు వేసేటప్పుడు ఆ వాలుని సరిచేయాలి. సులువైన పని ఏమిటంటే పల్లంగా ఉన్నచోట కంకర, సిమెంటు పోసి లెవెల్ చేయడం. సగటున రెండంగుళాలు పోసినా ఇంటి మొత్తానికి పది టన్నులు పెరిగినట్టే. పాత వాలు కాంక్రీటుని ముందు చెక్కి తీసేసి, శ్లాబు తేలాక దాని మీద తేలికగా ఫ్లోరింగ్ వేసుకోవడం సరైన పద్ధతి. కూలి ఎక్కువవుతుంది, దుమ్ము రేగుతుంది, పక్కింటివాళ్లు మాట్లాడటం మానేస్తారు. అయినా అదే సరైనది.

బరువు మాట తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 1995 జూన్ 29న సియోల్ నగరం చూసింది. అక్కడి సంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి మొదట అనుకున్నవి నాలుగంతస్తులే. తర్వాత ఐదోది వేశారు. అందులో రెస్టారెంట్లు, కొరియా పద్ధతిలో వేడి నీటి గొట్టాలు పరిచిన మందపాటి నేల, కప్పు మీద భారీ ఏసీ యంత్రాలు చేరాయి. భవనం కూలి 502 మంది చనిపోయారు. అంత దూరం పోనక్కర్లేదు. 2025 మార్చి 26న భద్రాచలంలో కడుతుండగానే ఒక బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి కూలీలు శిథిలాల్లో చిక్కుకుపోయారు. పాత కట్టడం మీదే అంతస్తులు పెంచుకుంటూ పోయారన్నది అప్పట్లో వినిపించిన ప్రధాన ఆరోపణ.

ఇల్లు నోరు విప్పాలంటే

ముందు తేల్చుకోవాల్సింది అది పిల్లర్ల ఇల్లా, గోడల మీద శ్లాబు వాల్చిన ఇల్లా అని. 1980ల దాకా మన ఊళ్లలో చాలా డాబాలు రెండో రకమే. రాయలసీమలో, పల్నాడులో రాతి గోడల మీద నాపబండలు పరిచిన ఇళ్లు, తెలంగాణలో మట్టి మిద్దెలు ఇంకా కాపురాలు మోస్తూనే ఉన్నాయి. వాటిలో గోడే పిల్లరు. గోడ తీసి హాలు పెద్దది చేసుకుందామంటే కప్పుకి కాలు తీసేసినట్టే.

పిల్లర్ల ఇల్లే అయినా కట్టిన ఏడాది అడగాలి. కాంక్రీటు పనికి దేశమంతటా ప్రామాణికంగా పాటించే ఐఎస్ 456 కోడ్‌ని 2000లో సవరించారు. అంతకు ముందున్న 1978 కోడ్‌లో ఇనుము వేసిన కాంక్రీటుకి ఎం15 బలం చాలు. 2000 నుంచి కనీసం ఎం20 ఉండాలన్నారు. అంటే 1995లో కట్టిన ఇల్లు రూలు తప్పకుండా కట్టినా ఈనాటి కొలతకి తక్కువే. పిల్లర్లు కూడా అంతే. గోడలోంచి బయటికి కనపడితే అందం చెడుతుందని తొమ్మిదంగుళాల గోడలో ఇమిడిపోయేలా తొమ్మిదంగుళాల పిల్లర్లే వేశారు. భూకంపాలని దృష్టిలో పెట్టుకుని రాసిన ఐఎస్ 13920 కోడ్ 2016 సవరణ పిల్లరు 300 మిల్లీమీటర్లకి, అంటే దాదాపు అడుగుకి, తగ్గకూడదంటుంది. 2016 నాటి భూకంప పటంలో హైదరాబాద్ రెండో జోన్‌లో, విజయవాడ మూడో జోన్‌లో ఉన్నాయి. బెజవాడలో అంతస్తు పెంచేవాళ్లు ఈ ముక్కని తేలిగ్గా వదిలేయడానికి లేదు.

స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చాడంటే మొదట సుత్తితో శ్లాబు అడుగున తట్టుతాడు. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బినచోట డొల్ల శబ్దం వస్తుంది. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే అది కాంక్రీటుని లోపలి నుంచి పగలగొడుతుంది. బాత్‌రూము కింది సీలింగ్‌లో పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయంటే కథ అక్కడ అప్పటికే సగం నడిచిపోయింది. విశాఖలో బీచ్‌కి దగ్గరున్న ఇళ్లలో ఉప్పుగాలి వల్ల ఇది ఇంకా తొందరగా వస్తుంది.

తర్వాత రీబౌండ్ హ్యామర్. కాంక్రీటుకి ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు సుత్తి తగిలి వెనక్కి ఎగురుతుంది. ఎంత ఎగిరితే పైపొర అంత గట్టిదన్నమాట. ఈ లెక్క 25 శాతం అటూ ఇటూ కావచ్చని ఆ పరీక్షకి ఉన్న ప్రమాణమే ఒప్పుకుంది, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. దానికి తోడు అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు. పిల్లరుకి ఒక పక్కనుంచి ధ్వని తరంగం పంపి అవతలి పక్కన పట్టుకుంటారు. సెకనుకి 3.5 కిలోమీటర్ల వేగం దాటితే కాంక్రీటు బాగున్నట్టు, 3 కంటే తగ్గితే అనుమానించాల్సినట్టు 1992 నాటి భారతీయ ప్రమాణం గీత గీసింది.

అన్నింటికంటే నమ్మకమైన పరీక్ష పలుగూ పారాతో జరుగుతుంది. ఇంటి బయటి వైపు ఒకటి రెండు పిల్లర్ల పక్కన జాగ్రత్తగా తవ్వి ఫుటింగు కొలతలు తీసుకోవడం. 'కొత్తగా పునాది తవ్వుతున్నారేంటండీ?' అని వీధిలో పోయేవాళ్లంతా ఆగి అడుగుతారు. ఇంటాయనకి ఇబ్బందిగానే ఉంటుంది. ఇంటి ప్లాను అటకమీద ట్రంకుపెట్టెలో ఎక్కడో ఉందని ఆయన నమ్మకం. దొరికినా అందులో గదులుంటాయి తప్ప చువ్వలుండవు. మన దగ్గర మున్సిపాలిటీకి ఇచ్చిన ప్లాను ఒకటి, కట్టిన ఇల్లు మరొకటి, గుర్తున్న ఇల్లు ఇంకొకటి.

ఇక డాబా మీద సాక్షి సంతకాల్లా నిలబడ్డ చువ్వల సంగతి. కొత్త పిల్లరు చువ్వని పాతదానికి పక్కపక్కన ఆనించి కట్టాలి. చువ్వ మందానికి 50 రెట్ల పొడవు కలవాలన్నది సైటు మీద వాడుక లెక్క. 16 మిల్లీమీటర్ల చువ్వకి అది రెండున్నర అడుగుల పైమాటే. చాలా ఇళ్లమీద మిగిలింది అడుగో అడుగున్నరో, అదీ తుప్పు తిని సన్నబడింది. అప్పుడు పాత కాంక్రీటులో రంధ్రాలు వేసి, లోపలి దుమ్ము తీసి, రసాయన జిగురుతో కొత్త చువ్వలు దింపాలి. ఇది డ్రిల్ మిషను ఉన్న ప్రతివాడూ చేసే పని కాదు.

పిల్లరు చాలదని తేలితే జాకెటింగ్ చేస్తారు. పాత పిల్లరు చుట్టూ కొత్త చువ్వలు కట్టి కాంక్రీటు తొడుగు వేయడం. ఆ తొడుగు అన్ని వైపులా కనీసం 100 మిల్లీమీటర్లు ఉండాలని 2013లో వచ్చిన ఐఎస్ 15988 చెబుతోంది. తొమ్మిదంగుళాల పిల్లరు కాస్తా పదిహేడంగుళాలవుతుంది. అదీ ఫుటింగు దగ్గర నుంచి మొదలుపెట్టాలి. పైన గది కోసం బయల్దేరితే కింద వంటింట్లో ఫ్రిజ్ పెట్టుకునే మూల పోతుంది. చాలామంది ఆలోచన ఈ అంచనా చూశాకే మారుతుంది.

గది కావాలా, చోటు కావాలా

ఆ ఆలోచన మారడం మంచిదే అనిపిస్తుంది. ఎందుకంటే 'ఇల్లు చాలడం లేదు' అన్న మాటకి అర్థం ఇంటింటికీ వేరు. ఒక ఇంట్లో అది కోడలికి తలుపు వేసుకునే గది లేకపోవడం. ఇంకో ఇంట్లో ఆన్‌లైన్ ఉద్యోగం చేసే కొడుకు మీటింగ్‌లో ఉండగా వంటింట్లో కుక్కరు కూత వేయడం. మరో ఇంట్లో నెలనెలా అద్దె వస్తే బాగుండుననే ఆశ. మూడింటికీ ఒకే మందు, పైన అంతస్తు, రాసేయడం మన అలవాటు.

పాత ఇళ్లలో చోటు ఎక్కడెక్కడో ఇరుక్కుని ఉంటుంది. పదేళ్లుగా తాళం తీయని స్టోర్‌రూమ్, ఎవరూ కూర్చోని వరండా, మూడడుగుల వెడల్పున ఇంటి పొడవునా పోయే నడవా. ఆ నడవా గోడ బరువు మోసేది కాకపోతే, దాన్ని తీసి గదుల్లో కలిపితే రెండు గదుల ఊపిరి తిరుగుతుంది. కొత్త గది ఎంత ఉండాలో కూడా నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది: ఒకటే గది అయితే కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 102 చదరపు అడుగులు, ఎత్తు 2.75 మీటర్లు. అంతకంటే చిన్నది కట్టి బెడ్‌రూమ్ అని పేరు పెడితే మంచం పడుతుంది, మనిషి తిరగలేడు.

పెద్దవాళ్లుంటే ఖర్చు కింది అంతస్తులోనే పెట్టాలి. మోకాళ్లు అరిగిన అమ్మని పైకి ఎక్కించి, కింద పోర్షన్‌కి ఎక్కువ అద్దె వస్తుందని టులెట్ బోర్డు పెట్టిన ఇళ్లు ప్రతి వీధిలో ఉన్నాయి. తలుపు మూడడుగులు ఉంటే వీల్‌ఛైర్ దూరుతుంది. మనం బాత్‌రూములకి పెట్టేది రెండున్నర. ఆ అరడుగు కోసం తర్వాత గోడ పగలగొట్టుకుంటారు.

పక్కన ఖాళీ ఉంటే పక్కకే పెంచుకోవచ్చు. అక్కడ పొంచి ఉన్నది నేల. పాత ఇల్లు ఇన్నేళ్లలో దిగాల్సినంత దిగి కుదురుకుంది. కొత్త గది ఇంకా దిగుతుంది. గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడి అయితే వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. రెండు గోడల్నీ అతికించి ప్లాస్టరింగ్ చేసేస్తే మొదటి వేసవికే అతుకు దగ్గర నిలువునా బీట ఇస్తుంది. మధ్యలో కావాలనే సందు వదిలి, దాన్ని సాగే పదార్థంతో నింపి, పైన పట్టీ కొడితే రెండూ ఎవరి దారిన అవి కదులుతాయి.

డాబా మీద రేకులతో, ఉక్కు చట్రంతో తేలికపాటి గది వేసుకోవడం మూడో దారి. ఇంటి మీద పెద్దగా బరువు పడదు. కోస్తాలో దానికి శత్రువు గాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖని తాకినప్పుడు డాబాల మీది రేకులు వీధుల్లో ఎగిరాయి. రేకుని గాలి తోయడం కంటే పైకి పీకేయడం ఎక్కువ. గాలి లెక్కల కోడ్ విశాఖకి, విజయవాడకి సెకనుకి 50 మీటర్ల వేగం పట్టుకోమంటుంది, గంటకి 180 కిలోమీటర్లు. రేకుని మేకు మీద నమ్మకంతో వదిలేయకుండా చట్రానికి, చట్రాన్ని శ్లాబు కింది బీముకి బిగించాలి.

వాస్తు గురించి రాయకపోతే ఈ కథనం ఏ తెలుగింట్లోనూ చదవరు. పైన కొంతభాగమే వేస్తే నైరుతి వైపు వేసి ఈశాన్యం ఖాళీగా ఉంచమంటారు. మధ్యాహ్నం దాటాక ఎండ మండేది ఆ నైరుతి మీదే, అక్కడ పై గది ఉంటే కింది గదికి గొడుగు పట్టినట్టుంటుంది. దేవుడి గది మీద బాత్‌రూము రాకూడదంటారు. బాత్‌రూము మీద బాత్‌రూమే ఉంటే గొట్టాలు తిన్నగా దిగుతాయి, లీకైనా పాడయ్యే గది ఒకటే. ఇంతవరకు వాస్తుకీ ఇంజినీరుకీ పేచీ లేదు. ద్వారం రెండడుగులు జరపాలని బీముని కోయమన్నప్పుడే ఇంజినీరు మాట వినాలి.

సగం కట్టి ఇచ్చిన ఇల్లు

ఇల్లు పెరుగుతుందని ముందే ఒప్పుకుని గీసినవాళ్లూ ఉన్నారు. ఇండోర్‌లో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి 1980ల్లో రూపొందించిన అరణ్య కాలనీలో సుమారు 6,500 ఇళ్ల స్థలాలున్నాయి. పేదవాళ్ల స్థలాల్లో అరుగు, నీళ్లు, మరుగుదొడ్డి, కొన్నిచోట్ల ఒక గది ఇచ్చారు. మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడు ఎవరికి వారు వేసుకున్నారు. చిలీలోని ఇకీకే పట్టణంలో ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా బృందం 2004 నాటికి సుమారు వంద కుటుంబాలకి సగం ఇల్లే కట్టి ఇచ్చింది. వంటిల్లు, స్నానాల గది, మెట్లు, బరువు మోసే గోడలు ఆ సగంలో పెట్టి, పక్కన ఖాళీ వదిలింది. కుటుంబాలు ఆ ఖాళీని నింపుకున్నాయి. అరవేనాకి 2016లో, దోషికి 2018లో ఆర్కిటెక్టులకి ఇచ్చే ప్రిట్జ్‌కర్ పురస్కారం వచ్చింది.

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లు 400 నుంచి 600 చదరపు అడుగుల్లో లేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన పంపిణీలో ఇచ్చిన ఇళ్ల స్థలాలు పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. ఇవన్నీ ఇంకో పదిహేనేళ్లలో పైకి పెరగక మానవు. అప్పుడు ఆ కుటుంబాలు తవ్వి చూసుకునే ఫుటింగులు ఇప్పుడు పడుతున్నాయి.

గీత దాటితే

అనుమతి సంగతి. తెలంగాణలో టీఎస్-బీపాస్ చట్టం 2020లో వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా అయితే ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలంది. 500 చదరపు మీటర్లు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకి యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇచ్చింది. స్వీయ ధ్రువీకరణంటే అబద్ధమైతే తానే బాధ్యుడని సంతకం పెట్టడం. ఆ షరతు చాలామంది చదవరు.

'ముందు వేసేద్దాం, తర్వాత ఏదో ఒక స్కీమ్ వస్తుంది' అనే ధీమా మన దగ్గర ఊరికే పుట్టలేదు. 2007 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో, 2015లో రెండు రాష్ట్రాల్లో క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. ఆ ధీమా మీద 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు నీళ్లు చల్లింది. అక్రమ కట్టడం ఎన్నేళ్లుగా ఉన్నా, ఎంత ఖర్చు పెట్టినా అది సక్రమం కాదంది. పూర్తయినట్టు ధ్రువపత్రం చూశాకే బ్యాంకులు రుణమివ్వాలంది.

రుణం తీసుకునేవాళ్లకి ఇంకో చిన్న ముక్క. పాత పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి మీద కొత్త నిర్మాణానికి తెచ్చిన అప్పు వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. మరమ్మతులకైతే 30 వేలే. దరఖాస్తులో ఏం రాశారన్నది చూసుకోవాలి.

శ్లాబు ముందు రోజు

పైన శ్లాబు పోసేటప్పుడు దాని పచ్చి బరువంతా సెంట్రింగ్ కర్రల మీదుగా దిగేది పాత శ్లాబు మీదికే. చదరపు మీటరుకి 300 కిలోల పైన. పాత డాబా కప్పుకి కోడ్ ప్రకారం పట్టుకునే రాకపోకల బరువు 150 కిలోలు. కాబట్టి కింద హాల్లో, పడగ్గదుల్లో కూడా పోట్లు పెట్టాలి. సోఫా పక్కన సరుగుడు కర్ర, టీవీ ముందు ఇనుప జాకీ. పైన పదిహేను అడుగుల లోపు పరిధి ఉన్న శ్లాబుకి పోట్లు 7 రోజులుంచాలి, అంతకు మించితే 14. ఇరవై అడుగుల లోపు బీముకి 14, దాటితే 21. ఈలోగా మామూలుగా వాడే పీపీసీ సిమెంటుకి కనీసం పది రోజులు మడులు కట్టి నీళ్లు నిలపాలి. ఏప్రిల్‌లో మొదలుపెట్టినవాళ్లు ట్యాంకరుకి ఫోన్లు చేస్తూ కనిపిస్తారు. ఆ కొద్ది వారాలు అద్దింట్లో ఉండటానికి అయ్యే ఖర్చు ఎస్టిమేట్‌లో ఎవరూ రాయరు.

శ్లాబు రోజు పండగే. కొబ్బరికాయ కొడతారు, మిల్లరు గిరగిరా తిరుగుతుంది, కూలీలకి బిర్యానీ వస్తుంది, బంధువులు సెల్ఫీలు దిగుతారు. అసలు ఫొటోలు తీయాల్సింది అంతకు ముందు రోజు సాయంత్రం. కాంక్రీటు పడకముందు, చువ్వల జాలీ మొత్తం కంటికి కనపడుతున్నప్పుడు, టేపు పక్కన పెట్టి. ఒక్కో బీములో ఎన్ని చువ్వలు, ఏ మందం, రింగు రింగుకీ మధ్య ఎంత దూరం, గొట్టం ఎక్కడి నుంచి పోతోంది. పిల్లరు పిల్లరుకీ నంబరు వేసి తీస్తే ఒక అరగంట పని. వాటిని ప్రింటు తీయించి, ఇంజినీరు గీసిన డ్రాయింగుతో కలిపి, రిజిస్ట్రేషన్ కాగితాలున్న కవర్లోనే పెట్టాలి. ఈసారి అటకమీద ట్రంకుపెట్టెలో కాకుండా.